ఇనుముకి ఒక రోజు

మా అన్నకి ఇనుము తెలుసు. నాకు ఆన్‌లైన్ తెలుసు. ఆ లేత్ మిషన్ మా ఇంటిమీదికి అట్లా వచ్చింది.

అన్నది గగన్‌పహాడ్‌లో చిన్న షెడ్డు. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వెళ్ళే హైవే దిగి కొంచెం లోపలికి పోవాలి. జేసీబీ బకెట్ల పిన్నులు, బుష్‌లు, గోడౌన్లలో సామాను మోసే కన్వేయర్ రోలర్లు చేస్తుంటాడు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలైన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల మట్టి తవ్వడం ఆగింది లేదు, కాబట్టి పిన్నులకి గిరాకీ కూడా ఆగలేదు. ఉన్న ఒక్క లేత్ సరిపోవడం లేదు. కొత్తది కొనేంత డబ్బు లేదు. పాతది వెతకాలంటే రాణీగంజ్, బాలానగర్ తిరగాలి. తిరిగినన్ని రోజులు షాపు బంద్. "ఫోన్ల ఏమన్న దొరుకుతదేమో చూడరాదె చెల్లె" అన్నాడు.

చూశాను. ఆ పని నాకు బాగా వచ్చు. పుస్తకాలు, చెప్పులు, సోఫా నేను చూడకుండానే కొంటాను. ఒకసారి అద్దె ఇల్లు కూడా వీడియో కాల్‌లోనే ఖాయం చేసుకున్నాను. బాగానే ఉంది, బాత్రూమ్ కిటికీ తప్ప. కొనేముందు వస్తువుని ముట్టుకోవాలన్న ఆలోచనే నాకు పాతకాలం మనుషుల చాదస్తంలా అనిపించేది. వంకాయల్ని ఒక్కొక్కటే తిప్పి చూసే అమ్మని చూసి నవ్వుకునేదాన్ని.

వేరే రాష్ట్రంలో దొరికింది. ఆరడుగుల లేత్, లక్షా నలభై వేలు. పదకొండు ఫొటోలు, నలభై సెకన్ల వీడియో. ఆకుపచ్చ రంగు కొత్తగా మెరిసిపోతోంది. అన్న ఫొటోలు అటూ ఇటూ జరిపి చూసి, "పోయి చూసొస్తే బాగుండు" అన్నాడు. పోయి రావడానికి మూడు రోజులు. "వీడియో ఉంది కదన్నా, చక్ ఎంత చక్కగా తిరుగుతోందో చూడు, చప్పుడు కూడా లేదు" అన్నాను. అన్న ఇంకేమీ అనలేదు. చదువుకున్న చెల్లెలి మాట. ఆ నమ్మకం గుర్తొస్తే ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

డబ్బు పంపించాం. లారీ కిరాయి ఇరవై రెండు వేలు. దాదాపు టన్ను బరువు, దింపడానికి హైడ్రా క్రేన్ పిలిస్తే అది ఇంకో ఖర్చు.

ఇక్కడొక మాట. మిషనే లేకుండా ఎవరివో ఫొటోలు పెట్టి, అడ్వాన్సు తీసుకుని మాయమయ్యేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి ఆలోచించాల్సింది పెద్దగా ఏం లేదు, అది దొంగతనం, ఫోన్ చెయ్యాల్సిన నంబరు 1930. (మన వస్తు విక్రయ చట్టం కూడా 1930 నాటిదే. యాదృచ్ఛికం.) మా విషయంలో అట్లా జరగలేదు. ఫొటోల్లో ఉన్న మిషనే వచ్చింది. అదే చక్, అదే ఆకుపచ్చ రంగు. అమ్మినాయన ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వనిది ఇదే.

వచ్చిన రోజు సాయంత్రం అన్న బెడ్ మీద ఆయిల్ తుడిచి, బొటనవేలి గోరు పెట్టి చక్ వైపు నుంచి చివరిదాకా మెల్లగా లాగాడు. ఆ అలవాటు నాన్నది. నాన్న కవాడిగూడలో ప్రాగా టూల్స్‌లో ఫిట్టరు. 1943లో మొదలై, మిషన్లని తయారుచేసే మిషన్లు చేసిన కంపెనీ అది. నాన్న దేన్నయినా ముందు గోటితో చూసేవాడు, తర్వాతే కళ్ళతో. అన్న గోరు చక్ నుంచి జానెడు దూరంలో ఆగింది. "అరిగింది" అన్నాడు.

లేత్ తెలియనివాళ్ళ కోసం: బెడ్ అంటే కింద పొడుగ్గా ఉండే పట్టాలు. పనిముట్టుని మోసే క్యారేజ్ వాటి మీదే అటూ ఇటూ నడుస్తుంది. చిన్న చిన్న పనులన్నీ చక్ దగ్గరే అవుతాయి కాబట్టి ఏళ్ళ తరబడి అక్కడే అరుగుతుంది, చివర మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. మా శంషాబాద్ పక్కన అమ్మపల్లి గుడికి వెళ్తే రాతి మెట్లు చూడండి, ఏ పాత గుడిలోనైనా కాళ్ళు పడేచోట ఒక పల్లం ఉంటుంది. అట్లాంటిదే. కాకపోతే గుడిమెట్టు అరిగితే అందంగా ఉంటుంది, బెడ్ అరిగితే పిన్ను టేపరు వస్తుంది. అన్న మర్నాడు ఒక రాడ్డు బిగించి జానెడు పొడుగు తిప్పి, రెండు చివర్లా మైక్రోమీటరు పెట్టాడు. మిల్లీమీటరులో పదో వంతుకి పైనే తేడా. కాగితం మందం అంత. ఆ మందం వల్ల పిన్ను బుష్‌లోకి సగం దాకా పోయి బిగుసుకుంటుంది, లేదా అవతలి వైపు వదులై బకెట్ ఊగుతుంది.

ఇది కనిపెట్టడం కష్టమేం కాదు. క్యారేజ్‌ని చక్ దగ్గర బిగుతుగా సెట్ చేసి చివరికి తోస్తే మధ్యలోనే పట్టేస్తుంది, అంతే. అయిదు నిమిషాల పని. కానీ ఆ అయిదు నిమిషాలు మిషన్ పక్కన నిలబడి ఉండాలి. వీడియోలో చక్ ఖాళీగా తిరిగింది. ఖాళీగా తిరిగే మిషన్ ఎప్పుడూ బాగానే తిరుగుతుంది. లోహం కోసేటప్పుడు కదా దాని సంగతి తెలిసేది.

అన్న ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ ఆన్‌లో ఉంది. అటువైపు మనిషి హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. వచ్చి చూసుకోవచ్చని ప్రకటనలో రాశాను కదా అన్నాడు. నిజమే, రాశాడు. బెడ్ గురించి మీరు అడగలేదు కదా అన్నాడు. అదీ నిజమే. చివరికి, "నేను కూడా ఇట్లాగే కొన్నాను భాయ్, బెడ్ సంగతి నాకేం తెలుసు" అన్నాడు. అన్న ఫోన్ పెట్టేసి, "తెల్వదంట" అన్నాడు, నా వైపు చూడకుండా.

లా చదివిన ఒక స్నేహితురాలిని అడిగాను. ఆమె 1872 కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షన్ చదవమంది. సాహిత్యం చదివేవాళ్ళు చట్టాలు చదవరు గానీ, మన చట్టాల్లో ఉదాహరణలు చిన్న కథల్లా ఉంటాయి. ఒకడు వేలంలో గుర్రాన్ని అమ్ముతాడు. దానికి జబ్బుందని వాడికి తెలుసు. ఏమీ అనడు. ఇది మోసం కాదు, అంటుంది చట్టం. రెండో ఉదాహరణ: అదే గుర్రం, కానీ కొనేది సొంత కూతురు, అప్పుడే మైనారిటీ తీరింది. ఇక్కడ చెప్పడం తండ్రి బాధ్యత. మూడోది: కొనేవాడు అంటాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను" అని. అమ్మేవాడు మాట్లాడడు. ఈ మౌనం మాట్లాడినట్టే లెక్క.

ఒకే గుర్రం, ఒకే జబ్బు, ఒకే మౌనం. కానీ ఒకచోట అది వ్యాపారం, ఇంకోచోట ద్రోహం, మూడోచోట అబద్ధం. మౌనంగా ఉండటం తప్పా ఒప్పా అన్నది ఎదురుగా ఉన్న మనిషిని బట్టి మారుతుందని ఆ చట్టం రాసినవాళ్ళకి తెలుసు. ఆ రాత్రి ఆ సెక్షన్ నాలుగుసార్లు చదివాను. మేము ఏ ఉదాహరణలోకి వస్తాం? వేలానికి వచ్చినవాడికి గుర్రం కళ్ళముందు ఉంటుంది, పళ్ళు పట్టి చూసుకోవచ్చు. మాకు పదకొండు ఫొటోలు. ఏ మూల నుంచి ఫొటో తీయాలో నిర్ణయించింది ఆయనే.

రెండు సెక్షన్ల అవతల ఇంకో మాట ఉంది. మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోకపోతే, అవతలివాడి మౌనాన్ని చూపించి ఒప్పందం రద్దు చేసుకోలేవు. అంటే రైలెక్కి వెళ్ళి, గోరు పెట్టి చూసి ఉండాల్సింది. నా స్నేహితురాలు ఇది చెప్పి ఊరుకుంది. అంత దూరంలో కేసు వెయ్యడం, వెనక్కి పంపడానికి మళ్ళీ ఇరవై రెండు వేలు పెట్టడం, ఇవన్నీ లెక్కేస్తే హక్కు ఉన్నా లేనట్టే. బరువైన వస్తువు విషయంలో దూరం ఎప్పుడూ అమ్మినవాడి పక్షాన ఉంటుంది.

మా తాత ఎడ్లు కొనేవాడు. ఆయన అంగడికి పోతే ఒక పూటంతా ఒక జత చుట్టూ తిరిగేవాడట. నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టడం, సుడులు చూడటం, నడిపించి చూడటం, కాసేపు కాడి కట్టి చూడటం. ఆ తర్వాతే తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరం. ఇంత చేసినా ఇంటికొచ్చాక ఎద్దు దున్నలేకపోతే ఏం చేసేవాళ్ళని అడిగితే, అమ్మ "వాపస్ చేసేవాళ్ళేమో" అంది. వెతికితే, ఈ ఆలోచన చాలా పాతది. యాజ్ఞవల్క్య స్మృతిలో కొన్న వస్తువుని పరీక్షించుకునే గడువులున్నాయి: విత్తనానికి పది రోజులు, బరువు మోసే పశువుకి అయిదు, పాడి పశువుకి మూడు, రత్నానికి ఏడు. ఇనుముకి ఒక రోజు. ఈ స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరనే 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. (అదే జాబితాలో కొన్న ఆడమనిషికి నెల, మగమనిషికి పదిహేను రోజులు అని కూడా ఉంది. పాత పుస్తకాల దగ్గర న్యాయం నేర్చుకుందామని వెళ్తే ఇట్లా మొహం మీద తలుపు పడుతుంది.)

ఇనుముకి ఒక్క రోజే ఎందుకు? విత్తనం మొలకెత్తాలి, ఆవు పాలివ్వాలి, ఇనుము మాత్రం తన లోపాన్ని దాచుకోలేదు, ఒక్కసారి పనిలో పెడితే చాలు అనుకుని ఉంటారు. అన్న రాడ్డు బిగించి తేడా పట్టుకోవడానికి పట్టింది కూడా ఒక్క రోజే. కౌటిల్యుడు ఇంకోలా లెక్కేశాడు, అమ్మకం రద్దు చేసుకోవడానికి వర్తకులకి ఒక రాత్రి, రైతులకి మూడు, పశువుల కాపరులకి అయిదు. వస్తువుని బట్టో మనిషిని బట్టో గడువు మారొచ్చు గానీ, గడువంటూ ఒకటి ఉండాలని ఇద్దరికీ తెలుసు. మేము ఇనుముకి ఆ ఒక్క రోజు ఇవ్వలేదు. డబ్బు మొత్తం పంపేశాకే అది లారీ ఎక్కింది.

వెళ్ళి చూస్తే అంతా సరిపోతుందా అంటే, అదీ లేదు. సిసెరో ఒక కథ చెబుతాడు. కానియస్ అనే రోమన్ పెద్దమనిషి సిరాక్యూస్‌లో ఒక తోట కొనాలనుకున్నాడు. అమ్మే పైథియస్ ముందురోజే జాలర్లని పిలిచి, రేపు నా తోట ముందే చేపలు పట్టండని చెప్పాడు. కానియస్ వచ్చి చూస్తే ఒడ్డు నిండా పడవలు, కాళ్ళ దగ్గర చేపల కుప్పలు. అడిగినంత ఇచ్చి కొన్నాడు. మర్నాడు స్నేహితుల్ని తీసుకొచ్చేసరికి ఒక్క తెడ్డు కూడా లేదు, ఇవాళ జాలర్లకి సెలవా అని పక్కింటాయన్ని అడిగితే, ఇక్కడ ఎవరూ చేపలు పట్టరే, నిన్న నాకే ఆశ్చర్యమేసింది అన్నాడట. కానియస్ కళ్ళారా చూశాడు. చూడమన్నది చూశాడు. నలభై సెకన్ల వీడియో కూడా అట్లాంటి ఒక ఉదయమే.

అన్న షెడ్డు ఎయిర్‌పోర్టుకి దగ్గరే. అక్కడ టీ తాగుతూ ఒకసారి ఎయిర్‌పోర్టులో విమానాల మరమ్మతుల దగ్గర పనిచేసే ఒకాయన చెప్పాడు, కాగితం లేని పార్టు ఎంత కొత్తగా మెరుస్తున్నా తుక్కుతో సమానమని. ఎక్కడ తయారైంది, ఎవరు విప్పారు, ఎవరు చూసి సంతకం పెట్టారు, అన్నీ దాని వెంట రావాలి. వెయ్యి మంది ప్రయాణికుల తరఫున ఎవరో ఒకరు చూశారని చెప్పే సంతకం అది. అన్న విని, "మన లేత్‌కు గూడ ఒక కాయితం ఉంటే బాగుండు" అని నవ్వాడు. అక్కడ కూడా మోసం జరక్కపోలేదు. 2023లో లండన్‌కి చెందిన ఏఓజీ టెక్నిక్స్ అనే కంపెనీ దొంగ సర్టిఫికెట్లతో విమాన ఇంజన్ల పార్టులు అమ్మిందని బయటపడితే, ఎన్నో ఎయిర్‌లైన్లు ఇంజన్లు విప్పి వెతుక్కున్నాయి. ఆ పార్టుల్ని చూసినట్టు చెప్పే కాగితాలే దొంగవి. నాకు అనిపించింది ఏంటంటే, చూడకుండా కొనేవాడు గుడ్డివాడేం కాదు. తన కళ్ళని అమ్మేవాడి చేతిలో పెడుతున్నాడు, నా బదులు నువ్వే చూడు అని. అవి తీసుకున్నాక "నువ్వు చూసుకోలేదుగా" అనడానికి ఏం మిగిలింది? చట్టంలో ఏమున్నా సరే, మా మూడో ఉదాహరణ ఇదేనని నేను నిర్ణయించుకున్నాను. తప్పు ఆయనదే. నాకు చాలా హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎక్కువ రోజులు లేదు.

ముందుగా గుర్తొచ్చింది 2020 అక్టోబరు. అప్పా చెరువు తెగి గగన్‌పహాడ్ దగ్గర హైవే మీద వాహనాలు కొట్టుకుపోయి, మనుషులు చనిపోయిన ఆ రాత్రి అన్న షెడ్డులోకి మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చాయి. ఇంకొంచెం పల్లంలో ఉన్న షెడ్డులో డ్రిల్లింగ్ మిషన్ మోటారుతో సహా మునిగింది. నెల తర్వాత దానికి రంగు వేశారు. కొనడానికి ఒకాయన వస్తే అన్న అక్కడే ఉన్నాడు, టీ కోసం వెళ్ళి నేనూ ఉన్నాను. "బాగ నడుస్తదా" అని ఆయన అందరి మొహాలూ చూస్తూ అడిగాడు. మేమెవరం ఏమీ అనలేదు. మాది కాదు కదా. పక్కవాడి పొట్ట కొట్టడం ఎందుకు. అప్పుడు అది మంచితనంలాగే అనిపించింది.

రెండోది, మా లేత్‌ని మేమూ అమ్మాల్సి వచ్చింది. బెడ్ గ్రైండింగ్ చేయించడానికి అడిగిన డబ్బు అన్న దగ్గర లేదు. ఏడు నెలలు పొట్టి పొట్టి బుష్‌లు చేసుకుంటూ నెట్టుకొచ్చాడు, పొడుగు పిన్నులు వస్తే పాత మిషన్ మీదే. ఇక చాలనుకున్నాడు. ప్రకటన రాయాల్సింది మళ్ళీ నేనే. ఫొటోలు తీస్తుంటే నాకు తెలియకుండానే చక్ దగ్గరి భాగం మీద నీడ పడే కోణం కోసం చూస్తున్నాను. ఫొటో బాగా రావాలని అంతే, అని చెప్పుకున్నాను. రంగు ఇంకా మెరుస్తూనే ఉంది, ఎంత మంచి రంగో.

రెండో రోజే నందిగామ వైపు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. ఐటీఐ అయిపోయి రెండేళ్ళు, సొంతంగా షాపు పెడుతున్నాడు. "అక్కా, ఫొటోల మంచిగనే ఉంది, నేను రాను, అడ్వాన్స్ కొడ్త, మీరు వేరేవాళ్ళకి ఇయ్యకుండ్రి" అన్నాడు. నందిగామ ఎంతో దూరం లేదు. అయినా రాడట. నాలాంటివాడే. ఫోన్ పక్కన పెట్టి అన్నకి చెప్పాను. అన్న చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. లక్షా ఇరవైకి పెట్టాం. ఉన్నది ఉన్నట్టు చెబితే ఎనభై వస్తుందో రాదో. అన్న కూతురి ఇంటర్ ఫీజు జూన్‌లో కట్టాలి. నేను రాత్రుళ్ళు చదివిన గుర్రాలూ జాలర్లూ ఆ నలభై వేల ముందు చాలా చిన్నగా కనిపించారు. పైగా మా దగ్గర మంచి సమాధానమే ఉంది: మేమూ ఇట్లాగే కొన్నాం.

"పిలువు, వచ్చి చూసుకోమను" అన్నాడు అన్న. అది కూడా తప్పించుకోవడమేనని నాకు తెలుసు. చూసుకోమన్నాక కనిపెట్టకపోతే వాడి ఖర్మ. అందుకని ఫోన్‌లోనే చెప్పేశాను, బెడ్ చక్ దగ్గర అరిగింది, పొడుగు పనులకి టేపరు వస్తుంది, క్రాస్ స్లైడ్ హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరుగుతుంది అని. గోరు ఆగిన చోట సున్నపుముక్కతో గీత గీసి ఫొటో పంపించాను. చెప్పాక గొప్పగా ఏం అనిపించలేదు, నలభై వేలు పోయినట్టు అనిపించింది. అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు. వేరేచోట ఇంకేదో మెరిసేది చూసుకుని ఉంటాడనుకున్నాం.

ఆదివారం వచ్చాడు, తనకి పని నేర్పిన ఉస్తాద్‌ని వెంటబెట్టుకుని. ఆ ముసలాయన నేను గీసిన గీత వైపు చూడనైనా లేదు. మిషన్ ఆన్ చేయించి, త్రెడింగ్ గేర్‌బాక్స్ లివర్‌ని ఒక్కొక్క పొజిషన్‌కీ మారుస్తూ చెవి దగ్గర పెట్టి విన్నాడు. నాలుగో దాంట్లో ఆగాడు. టక్. ఒక చుట్టు తిరిగాక మళ్ళీ టక్. "దాంతు పోయింది" అన్నాడు. గేర్ పన్ను ఒకటి విరిగింది. అన్న మొహం పాలిపోయింది. పిన్నులు, బుష్‌లు చేసేవాడికి త్రెడింగ్ పని తక్కువ, ఆ పొజిషన్ మేమెప్పుడూ వెయ్యలేదు.

డెబ్భై రెండుకి తెగింది. హైడ్రా వచ్చి మిషన్‌ని డీసీఎం ఎక్కించింది. తాళ్ళు కడుతుండగా ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నీ చెప్పిన్రు గదక్కా. గా గేర్ సంగతి మీకు నిజంగనే తెల్వదా?"

"తెల్వదు తమ్మీ" అన్నాను.

అతను కాసేపు నా మొహం వైపు చూశాడు. తర్వాత వెళ్ళి డ్రైవర్ పక్కన ఎక్కాడు.